చేంతాడు లేని బావి

చందాపుర దాటి ఆనేకల్‌కు పోయే దారిలో ఎడమచేతి వైపు ఒక లేఅవుట్ ఉంది. దాని పేరు మాత్రం వనజ ఎవరికీ సరిగ్గా చెప్పదు. ఒకప్పుడు అదంతా మల్లెతోట. ఇప్పుడు ఇళ్ళ సైట్లు, సగం కట్టి వదిలేసిన గోడలు, అక్కడక్కడా నాలుగిళ్ళు. చివరి క్రాసు వీధి చివరన ఒక పాత ఇల్లు. ఇంటి వెనక ఒక చేదబావి.

పొద్దుగూకినాక ఆ ఇంటి ముందు ఎవరూ నిలబడరు. ఆటోవాడు రెండు వీధుల ఇవతలే దింపేసి, బండి తిప్పుకుని పోతాడు.

ఎందుకంటే ఆ బావికి చేంతాడు లేదు. ఎప్పుడో తీసేశారు. మీద ఇనుప జాలీ వేసి తాళం పెట్టారు. పైన గిలక ఒక్కటే మిగిలింది. అయినా... రాత్రయితే ఆ గిలక తిరుగుతుంది. కిర్ర్... కిర్ర్... అని. ఎవరో నీళ్ళు తోడుతున్నట్టు.

తోటలో పూలు కోసే పిల్ల ఒకతి ఆ బావిలో పడి చచ్చిపోయిందట. చెట్లకు నీళ్ళు పెట్టే పని కూడా దానిదేనట. తోట పోయింది, చెట్లు పోయాయి, పిల్లా పోయింది — పని మాత్రం ఆగలేదు. చచ్చినా దానికి సెలవు దొరకలేదు అంటారు అక్కడివాళ్ళు.

ఆ ఇంట్లో అద్దెకు దిగినవాళ్ళెవరూ నిలవలేదు. ఒక కుటుంబమైతే సామాన్లు పూర్తిగా విప్పకుండానే మళ్ళీ టెంపో ఎక్కించేసింది.

ఇదంతా తెలిసే ఆ ఇల్లు చూడటానికి బయల్దేరింది వనజ. ధైర్యం ఉండి కాదు. ఓపిక లేక.

వనజది కదిరి పక్క పల్లె. పెళ్ళయి బెంగళూరు వచ్చినప్పటి నుంచి మారతహళ్ళిలోనే, ఒక మేడ కింద ఒంటిగది ఇంట్లో కాపురం. పక్క వీధి పీజీ హాస్టల్లో వంట చేస్తుంది. ఆ మేడ పడగొట్టి కొత్తది కడతామని ఓనరు చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే, ఆమె మొగుడు ప్రసాద్ ఫోర్క్‌లిఫ్ట్ నడిపే గోడౌన్ అత్తిబెలె వైపుకు మారిపోయింది. పొద్దున చీకటితో పోయి, కూతురు నిద్రపోయాక ఇంటికి వస్తున్నాడు. మనిషి సగమైపోయాడు.

ఆదివారం వస్తే చాలు, ముగ్గురూ ఒకే బండి మీద ఇళ్ళు చూడటానికి తిరిగేవాళ్ళు. మహదేవపురలో ఒక ఇల్లు చూశారు. అద్దె పరవాలేదు గానీ ఇంటికి కిటికీయే లేదు. ఇంకోచోట అన్నీ బాగున్నాయి, మీరు మాంసం తింటారా అని అడిగి తలుపేసుకున్నారు. ఇంకోచోట కాలువ కంపు. అది తట్టుకోవచ్చనుకుంటే బస్సు లేదు. బస్సున్నచోట బడి లేదు. బడి ఉన్నచోట అద్దె వినగానే ప్రసాద్ బండి స్టార్ట్ చేసేవాడు.

కూతురు నవ్యకు ఈ తిరుగుడు ఎంత అలవాటైపోయిందంటే, ఏ ఇంట్లోకి పోయినా ముందు బాత్రూంలోకి నడిచి కుళాయి తిప్పి చూసేది. "రాదు" అని చెప్పి, ఇంకేమీ చూడకుండా బయటికొచ్చి బండి దగ్గర నిలబడేది.

"ఈ ఊరు మనల్ని కొంచెం కొంచెంగా బయటికి తోసేస్తాంది" అన్నాడు ప్రసాద్ ఒక రాత్రి.

ఆ పాత ఇంటి సంగతి గోడౌన్ వాచ్‌మన్ చెప్పాడు. గోడౌన్‌కు దగ్గర, బడికి దగ్గర. అద్దె ఎంత తక్కువంటే, ప్రసాద్ రెండుసార్లు అడిగి మరీ నమ్మాడు. తర్వాత ఎందుకు తక్కువో కూడా చెప్పాడు వాచ్‌మన్.

ఓనరు ఆంజనేయులు అనే ముసలాయన. ఆనేకల్‌లో ఉంటాడు, మగ్గాలవాళ్ళు. ఫోన్ చేస్తే ఏదీ దాచలేదు. జనం ఏవేవో అంటారు, తాళంచెవి మలుపులో రత్నమ్మ అంగట్లో ఉంటుంది, తీసుకుని మీరే చూసుకోండి, ఏం కనబడినా ఏం వినబడినా ఆదివారం మా ఇంటికొచ్చి చెప్పండి అన్నాడు.

"దెయ్యమైతే ఏడాదికోసారి అద్దె పెంచదు కదా" అంది వనజ. ప్రసాద్ నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు.

పీజీలో సాయంత్రం వంట ముగించి, నవ్యను పక్కింట్లో వదిలి, రెండు బస్సులు మారి, దారంతా నిలబడే వచ్చింది. డ్యూటీ అయ్యాక ప్రసాద్ బండి మీద నేరుగా అక్కడికే వస్తానన్నాడు. ఆమె బస్సు దిగేసరికి పొద్దు కుంకిపోయింది.

రత్నమ్మది చిన్న చిల్లరంగడి. అరవై దాటిన మనిషి, పుట్టి పెరిగింది అంతా ఈ చుట్టుపక్కలే. తాళంచెవి అడగ్గానే చేతిలో ఉన్న పని ఆపేసింది.

"ఇప్పుడా? పొద్దు పోయిండాదే పాపా. పగలు రా."

మళ్ళీ రాలేనంది వనజ. రత్నమ్మ ఆమెను ఎగాదిగా చూసి, ఎంతమంది మీరు, బిడ్డ ఎంతది, ఎక్కడి నుంచి వచ్చినారు అని అన్నీ అడిగింది. గొంతు తగ్గించి బావి సంగతి, పూలపిల్ల సంగతి, గిలక సంగతి చెప్పింది. అద్దెకు వచ్చిన ఒక ఆడమనిషికి జ్వరం పట్టుకుని నెల దాకా దిగలేదంది. వనజ అన్నీ వింది. విని, చెయ్యి చాపింది.

రత్నమ్మ తాళంచెవి ఆ చేతిలో పెట్టి, "సుమ్నే, ఊరికే చెప్పలేదు నేను. నీ ఇష్టం" అంది.

ఇల్లు చూస్తే వనజకు ఏడుపొచ్చినంత పనైంది. అంత బాగుంది. రెండు గదులు. రెండు పక్కలా కిటికీలు. వంటగట్టు సరిగ్గా తన ఎత్తుకు ఉంది — ఇన్నేళ్ళూ వంగి వంగి వండిన నడుముకు అది తెలిసింది. లైటు వెలిగింది. నవ్యకు ఈ మూల, బట్టలకు ఆ గూడు, అని అప్పుడే మనసులో సర్దడం మొదలెట్టింది. కుళాయి తిప్పింది. అది ఒక్కసారి దగ్గి ఊరుకుంది.

వెనక తలుపు తీసింది. బావి అక్కడే ఉంది. జాలీకి తాళం. పైన గిలక. చేంతాడు లేదు, చేద లేదు, ఏమీ లేదు.

ఊరికే... గిలకను ముట్టుకుంది. గిలకంతా తుప్పు. కానీ తాడు తిరిగే గాడిలో మాత్రం తుప్పు లేదు. రోజూ తోమిన గిన్నెలా మెరుస్తోంది.

వేలు చటుక్కున వెనక్కి తీసుకుంది. లోపలికొచ్చి గడియ పెట్టింది.

అప్పుడే ప్రసాద్ ఫోన్. చందాపుర ముందు ఏదో లారీ బోల్తా పడింది, బండ్లన్నీ నిలిచిపోయాయి, ఆలస్యమవుతుంది, చీకట్లో ఒక్కదానివే రోడ్డు మీదికి రావద్దు, ఇంట్లోనే ఉండు అన్నాడు. ఇంట్లోనే ఉండు అన్న మాట వింటే ఆమెకు నవ్వొచ్చింది. ఏ ఇంట్లో అనుకుంది.

ముందు గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. కాసేపటికి లైటు పోయింది.

కరెంటు పోయిందనుకుంది. కిటికీలోంచి చూసింది. మలుపులో రత్నమ్మ అంగడి లైటు వెలుగుతూనే ఉంది... ఈ ఇంట్లోనే చీకటి. చూస్తూ ఉండగానే ఆ అంగడి లైటు కూడా ఆరిపోయింది.

బయటికి పోదామా అనుకుంది. బయట కుక్కలు. ఇళ్ళు లేని వీధి. ఫోన్‌లో చార్జింగ్ అడుగంటింది. ఎటు చూసినా ఒకటే చీకటి. లోపలి చీకటిలో కనీసం ఆనుకోవడానికి గోడ ఉంది.

భయపడాలనే కూర్చుంది వనజ. కానీ తెల్లవారుజాము నుంచి పొయ్యి ముందు నిలబడిన కాళ్ళవి. నెలల తరబడి ఇళ్ళ చుట్టూ తిరిగిన కాళ్ళవి. వాటికి భయం గుర్తులేదు. దెయ్యం ఉందన్న ఇంట్లో, చీకట్లో, ఒట్టి నేల మీద... నిద్రపోయింది.

కిర్ర్...

కల అనుకుంది.

కిర్ర్... కిర్ర్...

కళ్ళు తెరిచింది. తెరిచినా మూసినా ఒకటే నలుపు. శబ్దం మాత్రం వెనక నుంచి వస్తోంది. తిరుగుతుంది... ఆగుతుంది. లోపల ఎక్కడో నీళ్ళలో ఏదో పడిన చప్పుడు. మళ్ళీ తిరుగుతుంది — ఈసారి మెల్లగా, బరువుగా.

లేవకూడదనుకుంది. కాళ్ళే లేచాయి. గోడ తడుముకుంటూ వంటింటి కిటికీ దాకా పోయింది.

బావి దగ్గర తెల్లగా ఒక ఆకారం. తల మీద నుంచి తెల్లటి గుడ్డ. చేతులు పైకీ కిందికీ ఆడుతున్నాయి. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక ఇంకొకటి... గోడ పొడుగునా వరసగా. ఒక్కటీ మాట్లాడదు. ఒక్కటీ కదలదు.

దెయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నప్పుడు వాళ్ళమ్మ చెప్పింది. పాదాలు చూడబోయింది. చీకట్లో అవి కనబడలేదు.

గిలక ఆగింది.

తెల్లటి ఆకారం తల ఇటు తిప్పింది. మెల్లగా... మెల్లగా కిటికీ దగ్గరికి వచ్చింది. ఇనుప చువ్వల మీద గోళ్ళు గీసుకున్న చప్పుడు.

"పో..." బొంగురుగా, ఊపిరితో కలిసి ఒక గొంతు. "ఈడ ఉండొద్దు... బిడ్డను తీసుకుని... పో..."

వనజ నోట్లో తడి ఆరిపోయింది. బిడ్డ ఉందని దీనికెలా తెలుసు?

అప్పుడు — ఆ చీకటి వరసలో ఎక్కడో — ఒక పసిబిడ్డ ఏడ్చింది.

వెంటనే "ష్... ష్... ష్..." అని ఎవరో. వీపు మీద జోకొడుతున్న చప్పుడు. మెత్తగా, ఒకే తాళంలో.

వనజ ఊపిరి తిరిగొచ్చింది. ఆ ఏడుపు ఆమెకు తెలుసు. అది ముక్కు దిబ్బడ వేసి పాలు తాగలేని బిడ్డ ఏడుపు. ఆ జోకొట్టడమూ తెలుసు. నిలబడే నిద్రపోతున్న తల్లి చెయ్యి అలాగే కొడుతుంది. చచ్చినవాళ్ళకు అంత అలుపు ఉండదు.

వెనక తలుపు గడియ తీసింది.

ఫోన్‌లో మిగిలిన కాస్త వెలుతురు వేసి చూస్తే — నీలం బిందెలు, ఎర్ర బిందెలు, పెయింటు డబ్బాలు. జాలీ తలుపు తెరిచి ఉంది. గిలక మీద కొత్త నైలాన్ తాడు. ఏడెనిమిది మంది ఆడవాళ్ళు, కళ్ళు చికిలించుకుని, దొరికిపోయిన మొహాలతో. కిటికీ పక్కన తల మీద తెల్లటి తువ్వాలు వేసుకుని రత్నమ్మ.

వనజ అక్కడే మెట్టు మీద కూలబడింది. తిడదామని నోరు తెరిచింది. వచ్చిన మాట వేరే.

"కాసిన్ని నీళ్ళియ్యండి."

చంకలో బిడ్డ ఉన్న అమ్మాయి, పేరు రంజిత అని తర్వాత తెలిసింది, బిందె వంచి దోసిట్లో పోసింది. వనజ తాగింది. మళ్ళీ చాపింది. మళ్ళీ తాగింది. చల్లగా, తియ్యగా ఉన్నాయి. బెంగళూరు వచ్చాక క్యాను నీళ్ళు తప్ప ఇలాంటి నీళ్ళు ఆమె నోట పడలేదు.

రత్నమ్మ తువ్వాలు తీసేసి బావి గట్టు మీద కూర్చుంది. దాచి లాభం లేదనుకుందో ఏమో, అన్నీ గుసగుసగానే చెప్పింది. ఆ వీధుల్లో బోర్లన్నీ ఎండిపోయాయి. పక్క సైటులో ఒక మంచి బోరు ఉండేది. దాని ఓనరు ట్యాంకర్లవాళ్ళకు ఇచ్చేస్తే పగలూ రాత్రీ తోడి ఒక్క ఎండాకాలంలో దాన్ని చంపేశారు. ఇప్పుడు అదే ట్యాంకర్ నీళ్ళు వీళ్ళే కొనుక్కోవాలి. కొనలేనివాళ్ళు కొనలేరు. ఆ తర్వాత దగ్గర్లోని చెరువు పూడిక తీశాక, అందరూ ఒట్టిపోయిందనుకున్న ఈ పాత బావిలో మెల్లగా నీళ్ళు ఊరాయి. ఇంటి తాళం, జాలీ తాళం రెండూ రత్నమ్మ దగ్గరే ఉండేవి.

"దెయ్యమని మొదట మేం చెప్పలా పాపా. గిలక శబ్దం విని ఎవరో పుట్టించినారు. మేం కాదనలా, అంతే."

"నేను లోపలుండానని తెలుసు కదా మీకు."

రత్నమ్మ చేతిలోని తువ్వాలు మడత పెట్టింది. "తెలుసు. తెలిసే వచ్చినాం. లైటు ఫీజు పీకింది కూడా నేనే."

వనజకు అప్పుడు వచ్చింది కోపం. తన ముందు వచ్చినవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళూ తనలాగే ఎన్ని ఇళ్ళు చూసి, ఎంత అలిసిపోయి వచ్చారో. సామాన్లు విప్పకుండానే మళ్ళీ ఎత్తుకున్నవాళ్ళు ఏ ఊరి చివరకు పోయారో. మేమూ నీళ్ళు తాగేవాళ్ళమే కదా అంది. మాకూ బిడ్డ ఉంది కదా అంది. అరవలేదు. అరిచే ఓపిక ఆమెకు లేదు, వినే ఓపిక వాళ్ళకూ లేదు.

రంజిత తలొంచుకునే జవాబిచ్చింది. "మీరొస్తే తలుపు మూస్తారు అక్కా. ఎవరైనా మూస్తారు. లేకపోతే ఓనరుకు చెప్తారు. అప్పుడు ఇది కూడా ట్యాంకర్‌కే పోతుంది."

"నేను మూయను" అంది వనజ. "ఈ ఇల్లు నాకు కావాల. తిరగలేను ఇంక."

నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు వాళ్ళు. దూరంగా బండి వెలుతురు మలుపు తిరిగింది. రెప్పపాటులో తాడు పోయింది, బిందెలు పోయాయి, జాలీకి తాళం పడింది. ప్రసాద్ లోపలికొచ్చేసరికి వనజ ఒక్కతే మెట్టు మీద కూర్చుని ఉంది. నేల మీద తడి ఒక్కటే మిగిలింది.

దారిలో అంతా చెప్పిందామె. ప్రసాద్ బండి నడుపుతూనే విన్నాడు. బొమ్మసంద్ర దాటాక, "అయితే నీళ్ళున్నాయన్నమాట" అన్నాడు. ఇంకాసేపటికి, ఓనరుకు చెబితే మనకు మేలు చేస్తాడేమో అన్నాడు. ఆమె అతని వీపుకు తల ఆనించి కళ్ళు మూసుకుంది.

ఆదివారం ఆనేకల్ పోయారు. ఆంజనేయులు ఇంటి ముందు హాల్లో మగ్గం, దాని పక్కన నాలుగు కుర్చీలు. ముసలాయన ఒక మూల కూర్చున్నాడు. మాటలన్నీ ఆయన కొడుకు మంజునాథ్‌వే. చెరువు నిండింది కదా, బావిలో నీళ్ళు ఊరే ఉంటాయి, ట్యాంకర్‌వాడు ఒకడు అడుగుతున్నాడు, మోటారు వాడే పెట్టుకుంటాడు అన్నాడు. అసలు అడ్డమల్లా ఆ పాడు పేరు. కూలివాళ్ళు జాలీ ముట్టుకోవడానికి రారు. తానూ చిన్నప్పటి నుంచి ఆ పెరట్లో కాలు పెట్టలేదు. మీరు రాత్రి అక్కడే ఉన్నారట, ఏమీ లేదని మీ నోట చెప్పండి చాలు, అడ్వాన్స్ కూడా వద్దు, రేపే దిగండి అన్నాడు.

అడ్వాన్స్ వద్దు అన్న మాట వనజ ఈ ఊళ్ళో ఎక్కడా వినలేదు. ప్రసాద్ వైపు చూసింది. అతను తల దించుకుని నవ్య జడ సరిచేస్తున్నాడు. చెప్పేది ఆమెకే వదిలేశాడు.

"చెప్పు తల్లీ" అన్నాడు ముసలాయన మూల నుంచి. "ఏమన్నా ఉండాదా ఆడ?"

వనజ ముసలాయన వైపు తిరిగింది.

"ఉండాదయ్యా. కండ్లారా చూసినా. కిటికీ కాడికొచ్చి పొమ్మనింది."

మంజునాథ్ మొహం పాలిపోయింది. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. మరి అట్లాంటి ఇంట్లో ఎందుకు దిగుతారు అని అడిగాడు.

"పొద్దంతా పని చేసి వచ్చి పడుకుంటే మాకేమీ వినపడదన్నా" అంది. అది అబద్ధం కాదు గనక గొంతు వణకలేదు.

మోటారు మాట మళ్ళీ ఎత్తలేదు మంజునాథ్. అడ్వాన్స్ మాత్రం పూర్తిగా అడిగాడు. విడతలుగా ఇస్తామని ఒప్పించుకుని లేచారు. ప్రసాద్ బండి తీయడానికి ముందు నడిచాడు, నవ్య అతని వెనకే. గేటు దాకా సాగనంపడానికి ముసలాయన కర్ర పట్టుకుని వచ్చాడు. ఒకసారి వెనక్కి తిరిగి ఇంటి తలుపు వైపు చూశాడు. కొడుకు కనబడలేదు.

"రంజిత బిడ్డకు జలుబు తగ్గిందా?" అన్నాడు.

వనజ గేటు పట్టుకుని నిలబడిపోయింది.

"మా నాయన తవ్వించిన బావి అది" అన్నాడాయన, గాలికి కూడా వినబడనంత మెల్లగా. "తాగేవాళ్ళను కాదనకురా అని పోయినాడు. నా మాట ఈ ఇంట్లో ఇప్పుడు చెల్లదమ్మా. మావాడు దేవుడికి భయపడడు, నాకు భయపడడు. ఒక్క దెయ్యానికే భయపడతాడు."

ఆమె ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"గిలకకు నూనె పెట్టొద్దని రత్నమ్మకు చెప్పు. నేను చెప్పినానని కాదు... నువ్వే చెప్పినట్టు చెప్పు."